చెప్పు: ఒక మాట పుట్టుపూర్వోత్తరములు

నేటి ప్రసంగమునకు విషయము "చెప్పు". ఆ మాట వినగానే "ఏమి చెప్పుమందురు?" అని మీలో నొకరు అడుగవచ్చును. నేను తలపెట్టినది నోటితో చెప్పు చెప్పు కాదు, కాలికి తొడుగుకొను చెప్పు. ఆ పేరు మనకెక్కడినుండి వచ్చినది, ఎన్నాళ్లనుండి మన నోట నున్నది, దాని చుట్టము లెవరు అను సంగతులను క్రమముగా విన్నవింతును.

ఇది చిన్న విషయమని కొందఱికి తోచవచ్చును. తక్కువ విషయమనియు తోచవచ్చును. మన పల్లెలలో చదువుకొన్నవారు మర్యాదగా మాటలాడునప్పుడు "పాదరక్షలు" అందురు. కోపము వచ్చినప్పుడు మాత్రము "చెప్పు" అందురు. వస్తువు ఒక్కటే. ఒక పేరు మన్ననకును, ఇంకొక పేరు తిట్టునకును ఏర్పడినవి. సంస్కృతపు పేరు గొప్పది, తెలుగు పేరు నీచమైనది అను భావము మనకు తెలియకయే మన నాలుకమీద నిలిచినది. ఈ భావము నిజమా? మాటకు పుట్టుకచేత తక్కువతన మున్నదా? దీనికి సమాధానము కావలెనన్న మొదట ఆ మాట వంశమును విచారింపవలెను.

సంస్కృత పదములతో మొదలుపెట్టుదము. పాదరక్ష యనగా పాదములను రక్షించునది. పాదత్రాణ మన్నను అదియే. ఇవి వస్తువు చేయు పనిని చూచి కూర్చిన సమాసములు. పాదుక యనునది పాదశబ్దమునుండి పుట్టినది. వీనికంటె ప్రాచీనమైనది ఉపానహ శబ్దము. "నహ్" అను ధాతువునకు కట్టుట యని యర్థము. కాలికి చేర్చి కట్టునది గనుక దానికా పేరు వచ్చినది. శతపథ బ్రాహ్మణములో రాజసూయము చేయు రాజు పందితోలుతో చేసిన ఉపానహములు తొడుగుకొనుట చెప్పబడినది. పాణిని మహర్షి ఈ శబ్దమునుండి "ఔపానహ్యము" అను పదమును సాధించుటకు సూత్రము చేసియున్నాడు. చెప్పులు చేయుటకు పనికివచ్చు తోలుగాని, ముంజగడ్డిగాని ఔపానహ్యమని వ్యాఖ్యాతలు వివరించిరి. కావున యాగశాలకును వ్యాకరణశాస్త్రమునకును ఈ వస్తువు వెలియైనది కాదు.

మహాభారతమున ఆనుశాసనిక పర్వములో చెప్పుల పుట్టుకను గూర్చి యొక కథ కలదు. జమదగ్ని మహర్షి వినోదార్థము బాణములు వేయుచుండగా, భార్యయగు రేణుక వానిని ఏఱి తెచ్చుచుండెను. జ్యేష్ఠమాసము, నడిమింటి యెండ. తల మాడి, అరికాళ్లు కాలి, ఆమె చెట్టునీడను కొంతసేపు నిలిచి ఆలస్యముగా వచ్చినది. కారణము విని జమదగ్ని సూర్యునిమీదనే విల్లెక్కుపెట్టెను. సూర్యుడు బ్రాహ్మణ రూపమున వచ్చి, వేడుకొని, తలకు గొడుగును, కాళ్లకు చెప్పులను ఇచ్చి యాతనిని శాంతపఱచెను. నాటినుండి గొడుగును చెప్పులను దానము చేయుట పుణ్యమైనది. చైత్ర వైశాఖములలో నల్లరేగడి చేల గట్లమీద, బండరాళ్ల దారులలో నడచిన మన సీమవారికి ఈ కథ వేఱుగ వివరింప నక్కఱలేదు.

ఇక్కడ ఒక విశేషము గమనింపుడు. సూర్యు డొక్క చేతితో నిచ్చిన ఆ రెండు వస్తువులను అమరసింహుడు తన నిఘంటువులో రెండు చోట్ల ఉంచినాడు. గొడుగు క్షత్రియవర్గమున రాజచిహ్నములతో కూడ కూర్చున్నది. పాదుక, ఉపానత్తు అను పేర్లు శూద్రవర్గమున చేతిపనుల నడుమ చేరినవి. అమరుడు చెప్పులను నిందింపలేదు. పనివారు చేయు వస్తువులన్నిటిని ఒకచోట కూర్చినాడు, అంతమాత్రమే. కాని ఒక తల్లి బిడ్డలవంటి యా రెండు వస్తువులలో ఒకటి సింహాసనము చెంతకును, మఱియొకటి పనివాని పాకకును చేరిన తీరును చూచితిమేని, మాటల హెచ్చుతగ్గులు మాటలలోనుండి పుట్టవనియు, మనుష్యులు చేసికొన్న ఏర్పాటులోనుండి పుట్టుననియు తెలియును.

ఇక చెప్పు. దీని పుట్టుకనుగూర్చి మనలో రెండు మూడు ఊహలు వినబడును. నడచునప్పుడు చప్పుడు చేసి యజమాని రాకను "చెప్పును" గనుక చెప్పు అయినదని యొకరందురు. కిఱ్ఱుచెప్పులను చూచినవారికి ఇది సరసముగనే యుండును. చర్మ శబ్దమే చెదరి చెప్పయినదని మఱియొకరందురు. ఇట్టి ఊహలు ఒక మాటను మాత్రమే చూచి చేయునవి. సాక్షి యొక్కడే యున్న వ్యాజ్యెమువంటివి. మాట పుట్టుక తేలవలెనన్న దాని తోబుట్టువుల నందఱను పిలిచి విచారింపవలెను.

ఆ విచారణకు మా మంత్రాలయమువంటి చోటు దొరకదు. పూర్వము మంచాల యని పేరొందిన యీ యూరు తుంగభద్ర గట్టున నున్నది. ఏటి కావలియొడ్డు కర్ణాటకములోని రాయచూరు జిల్లా. 1953వ సంవత్సరమున ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు, అంతవఱకు బళ్లారి జిల్లాలో నున్న ఆదోని తాలూకాతో కూడ ఈ గ్రామము కర్నూలు జిల్లాలోనికి వచ్చినది. తెలుగును కన్నడమును ఇక్కడ ఒకే ముంగిట ఆడుకొన్న పిల్లలవంటివి. రాఘవేంద్రస్వామివారి మఠమునకు నాలుగు రాష్ట్రములనుండి యాత్రికులు వత్తురు. లోపలికి పోవుటకు ముందు అందఱును ఒక పని చేయుదురు: చెప్పులు విడుతురు. అక్కడ చెవి యొగ్గి వినుడు. తెలుగువారు "చెప్పులు" అందురు. తమిళులు "చెరుప్పు" అందురు. కన్నడ పల్లెవారు "కెర" యనియు "కెరవు" అనియు అందురు. పాతకన్నడములో "కెర్పు" అను రూపమును కలదు. మలయాళముననుండి వచ్చినవారు "చెరిప్పు" అందురు. ఈ నాలుగు మాటలును ఒక్క కడుపున పుట్టినవే. చూచుట కెట్లు వేఱువేఱుగ నున్నను, వీని పోలిక పైపైది కాదు, నియమముతో కూడినది. ఆ నియమములు రెండు.

మొదటి నియమము. తమిళమున "రుప్పు" అని యున్న చోట తెలుగున నడిమి రేఫము పోయి "ప్పు" మిగులును. వారు నిప్పును "నెరుప్పు" అందురు. మనము నిప్పు అందుము. వారి "పరుప్పు" మన పప్పు. నలుపునకు వారు "కరుప్పు" అందురు. మన కవులు వాడు "కప్పు" అను మాటకు నలుపని యర్థము. ఆ వరుసలోనిదే వారి "చెరుప్పు", మన చెప్పు. ఒక్క మాట యట్లు మాఱిన కాకతాళీయ మనవచ్చును. పొయ్యిలోని నిప్పు, కుండలోని పప్పు, కాటుకలోని కప్పు, కాలి చెప్పు, ఈ నాలుగును ఒకే దారిని నడచినప్పుడు అది దారియే గాని యాదృచ్ఛికము గాదు.

ఈ నియమమువలననే రెండు వేఱు మాటలు తెలుగున ఒక్క రూపమున గలసినవి. పలుకుట యను అర్థముగల "చెప్పు" తమిళమునను "చెప్పు"గనే యున్నది. అందు రేఫము లేదు. కాలిచెప్పు మాత్రము అక్కడ "చెరుప్పు". తమిళమున విడివిడిగా నున్న యీ రెండును మన భాషలో రేఫము జాఱిపోవుటచే ఒకటిగ వినబడుచున్నవి. కాబట్టి నడచునప్పుడు చప్పుడు చేసి "చెప్పును" గనుక చెప్పయినదను ఊహ నిలువదు. మూయుట యను కప్పును, నలుపను కప్పును ఒకటి కానట్లే, ఈ రెండు చెప్పులును ఒకటి కావు.

రెండవ నియమము కన్నడమునకు సంబంధించినది. ఇ, ఈ, ఎ, ఏ అను అచ్చులకు ముందు కన్నడమున "క" యున్న చోట తెలుగున "చ" వచ్చును. మన చెవి వారికి కివి. మన చెఱువు వారికి కెఱె. నేటి పలుకుబడిలో కెరె. మన చీము వారికి కీవు. మన చెడు వారికి కెడు. మన చెందామర వారికి కెందావరె. సరిహద్దు పల్లెలలో పుట్టినవారికి ఈ జంటలు బడికి పోకుండగనే వచ్చును. ఈ వరుసలో చెప్పునకు ఎదురుగా కెర్పు నిలుచుట సహజమే.

క, చ లలో ఏది పెద్దది? క యే పెద్దది. ఇ, ఎ అను అచ్చులు పలుకునప్పుడు నాలుక ముందునకు వచ్చును. వానికి ముందున్న క కారము పలుకుటకు నాలుక వెనుకకు పోవలెను. వెనుకకు పోయి వెంటనే ముందునకు వచ్చుటకు బదులు నాలుక ముందుననే పని ముగించుకొనును. అప్పుడు క చ యగును. ఇది లోకమందలి అనేక భాషలలో జరిగిన మార్పు. జర్మనులు జున్నుగడ్డను "కేజె" యందురు. ఇంగ్లీషువారు దానినే "చీజ్" అందురు. తమిళమే ఇంకొక సాక్ష్యమిచ్చును. తర్వాత ట, ణ, ళ వంటి మూర్ధన్యాక్షర మున్న చోట తమిళము కకారమును విడువలేదు: మన చెడు వారికి "కెడు", మన చిలుక వారికి "కిళి". ఆ మాటలలో మనము మాత్రమే క ను చ చేసికొన్నాము. కావున చెప్పునకు మూలరూపము కకారముతో మొదలైనదనియు, అందు రేఫ ముండెననియు తేలినది. పండితులు దానిని "కెరుప్పు" అని నిర్ణయించి, ముందు ఒక నక్షత్రపు గుఱుతు వేయుదురు. వ్రాతలో దొరకలేదు, తర్కముచే నిలిచినది అని యా గుఱుతునకు భావము.

ఈ కుటుంబము మన దక్షిణపు నాలుగు భాషలతో ముగియదు. మధ్యభారతపు అడవులలో గోండుల భాషయందు "సర్పుమ్" అను రూపమున్నది. గోండులు మన మాటను మన దగ్గఱ ఎరవు తెచ్చుకొన్నచో అది రేఫములేని చెప్పుగ నుండవలసినది. రేఫముతో నుండుటచే, వారికిని మనకును తల్లి యొక్కతెయే యనియు, మనము వారినుండి విడిపోకమునుపే ఆ తల్లి నోట ఈ మాట యుండెననియు స్పష్టమగుచున్నది. ద్రావిడ భాషా కుటుంబము వయస్సు సుమారు 4500 ఏండ్లని 2018లో వెలువడిన యొక పరిశోధనము లెక్కగట్టినది. దాని దక్షిణ, దక్షిణమధ్య శాఖలు విడిపోవుటకు ముందటి మాట మన చెప్పు. నన్నయభట్టు లేడు, రాజమహేంద్రవరము లేదు, తెలుగు లిపి లేదు. ముండ్లదారిలో నడచువాని కాలిక్రింద ఈ వస్తువున్నది, వాని నోట ఈ మాట యున్నది.

ఇట్లు మాటల వంశములు విచారించు శాస్త్రము మన దేశముతోనే ముడివడి పెరిగినది. 1786లో కలకత్తాలో విలియం జోన్సు సంస్కృతమునకును గ్రీకు లాటిను భాషలకును ఒకే మూల ముండవలెనని ప్రకటించెను. 1822లో జర్మనీలో యాకోబ్ గ్రిమ్ అను పండితుడు ఆ భాషలలో అక్షరములు మాఱు క్రమమును నియమముగ చూపెను. సంస్కృతమున పాదము, ఇంగ్లీషున "ఫుట్". సంస్కృతమున పితృ, ఇంగ్లీషున "ఫాదర్". ప యున్న చోట ఫ. మనకు ఇది వింతగాదు. మన పాలు కన్నడమున హాలు, మన పులి హులి, మన పండు హణ్ణు. పాదుకయే కన్నడపు నోట హావుగె యయినది. వీని నడుమ మదరాసులో ఫ్రాన్సిస్ ఎల్లిస్ అను దొర 1816లో కేంబెల్ తెలుగు వ్యాకరణమునకు పీఠిక వ్రాయుచు, తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, తమిళ కన్నడములకు తోబుట్టువనియు ఉదాహరణములతో నిరూపించెను. 1856లో కాల్డ్వెల్ ఆ కుటుంబమునకు ద్రావిడమను పేరిట వ్యాకరణము రచించెను. మన కడపకు 1820లో వచ్చిన సి. పి. బ్రౌను పండితులను చేరదీసి, తాళపత్రములను సేకరించి, 1852లో తెలుగు నిఘంటువును వెలువరించెను. 1961లో బరో, ఎమెనో అనువారలు ద్రావిడ భాషల మాటల నన్నిటిని కుటుంబములుగ కూర్చిన నిఘంటువును ప్రకటించిరి. ఆ యేడే మన భద్రిరాజు కృష్ణమూర్తిగారి తెలుగు ధాతువుల గ్రంథమును వెలువడినది. కెరుప్పు అను రూపము ఈ పెద్దల శ్రమఫలము.

ఇప్పుడు చదువుకొన్న పిల్లలు చెప్పు అనుటకు సిగ్గుపడి "షూ" అందురు. ఆ మాట వంశమును కూడ చూతము. ఇంగ్లీషు, జర్మను, డచ్చి, స్వీడిషు మున్నగు భాషలకు తల్లియైన భాష యొకటి ఉండెను. దానిలో వ్రాసిన గ్రంథము లేదు. దాని మాటలును నక్షత్రపు గుఱుతుతో నిర్ణయింపబడినవే. ఆ భాషలో కాలితొడుగునకు "స్కోహజ్" అని పేరు. క్రీస్తుశకము నాలుగవ శతాబ్దిలో వుల్ఫిలా అను మతాచార్యుడు గోతుల భాషలోనికి చేసిన బైబిలు అనువాదములో "స్కోహ్స్" అను రూపము కనబడును. స్వీడిషువారు నేటికిని మొదటి కకారమును విడువక "స్కూ" అందురు. ఇంగ్లీషువారు స్క ను ష చేసికొని "షూ" యనిరి. కన్నడుల కెర్పును మన చెప్పును వలెనే! ఇంకొక సామ్యము వినుడు. ఇంగ్లీషున "షర్టు" అనునది వారి సొంత మాట. "స్కర్టు" అనునది ఉత్తరదేశపు పొరుగువారినుండి తెచ్చుకొన్నది. రెంటికిని మూల మొకటియే. మనకును ఎఱుపు నర్థముగల "చెం" అను సొంత రూపము చెందామర, చెంగలువ లలో నున్నది. కకారముతో నున్న "కెంపు" కన్నడమునుండి వచ్చి మన నగలలో చేరినది.

జర్మనులు చేతితొడుగును "చేతి షూ" అని పిలుతురు. డచ్చివారు బహువచన రూపమైన "స్ఖూన్" అను మాటను ఏకవచనముగ పొరబడి, దానిపై మఱల బహువచన ప్రత్యయమును చేర్చుకొనిరి. ఇది విని నవ్వుటకు ముందు మనము "బూట్సులు" అనుటను తలచుకొనవలెను. బూట్సు అన్నప్పుడే బహువచనము. దానిపైన "లు" ఏల? అజ్ఞానము కాదు, అన్యభాషా పదమును తన యింటి పిల్లగ చేసికొను పద్ధతి అది. అన్నిచోట్ల జనుల నోరు ఒకే విధముగ పని చేయును.

స్కోహజ్ అను మాట అంతకుముందెక్కడినుండి వచ్చినది? కప్పుట యను అర్థముగల ధాతువునుండి యని కొందఱు పండితులు, చుఱుకుగ కదలుట యను అర్థముగల ధాతువునుండి యని మఱికొందఱు వాదింతురు. సంస్కృత గ్రీకు లాటిను భాషలలో దానికి నిస్సందేహమైన చుట్టము కనబడలేదు. లోకమునేలిన ఇంగ్లీషువారి షూ వంశవృక్షము అక్కడ నాగినది. మన చెప్పు వృక్షము కెరుప్పు దగ్గఱ నాగినది. రెండును సొంత నేలలో పుట్టిన మాటలు. రెండును సమానములు. పిల్లవాడు షూ అన్నచో తప్పులేదు. చెప్పు తక్కువది యని షూ అన్నచో మాత్రము తప్పు.

ఎరవు తెచ్చుకొన్న మాటలును మనకు గలవు. వానిని దాచవలసిన పని లేదు. జోడు అనగా జత. కాళ్లకు రెండు గనుక చెప్పులను జోళ్లనిరి. కన్నులకు వచ్చినది కండ్లజోడయినది. చెప్పులకు ముచ్చెలని పాత పేరు; ఉత్తరదేశమున చెప్పులు కుట్టువానికి మోచీ యని పేరు. ఈ మాటలు పారసీకుల "మోజా", అనగా మడమకు పైదాక వచ్చు తొడుగు పేరుతో సంబంధించినవని పండితు లందురు. మన మేజోడులోనిదియు ఆ మోజాయే. కన్నడసీమలో చెప్పును "మెట్టు" అనియు అందురు. మెట్టుట యనగా త్రొక్కుట. మన సరిహద్దు పల్లెలలోను మెట్లు అను మాట వినబడును. కన్నడమున "ఎక్కడ" అన్నను చెప్పే. తెలుగువాడు "ఎక్కడ?" అని యడిగినచో, క్రొత్తగా వచ్చిన కన్నడిగుడు తన కాళ్లవంక చూచుకొనుట సరిహద్దువారి పరిహాసములలో నొకటి.

ఇంతవఱకు మాటను గూర్చి చెప్పితిని. మాట వెనుక మనిషి యున్నాడు. చెప్పునకు తక్కువతనము దాని పుట్టుకవలన రాలేదని చూచితిమి. మఱి యెట్లు వచ్చినది? దానిని కుట్టినవానిని మనము దూరముగ నుంచుటవలన వచ్చినది. మాదిగవారు చచ్చిన యెద్దు తోలును, ఎనుము తోలును తెచ్చి, సున్నపునీట నానబెట్టి వెండ్రుక దీసి, తంగేడుచెక్క నీటిలోను కరక్కాయ నీటిలోను ఊరవేసి, పదును చేసి, ఆరెతో బెజ్జము పొడిచి, వారుతో కుట్టి, కాలి బొటనవ్రేలికి ఉంగటము పెట్టి చెప్పు చేసిరి. ఆ చేతులే కపిలబావికి తోలుతొండము కుట్టినవి. ఆ తొండము లేనిది మన మెట్టసీమలో తోటకు నీరు లేదు. ఆ చేతులే గిత్తల మెడపట్టెడలు కుట్టినవి, జాతరకు డప్పు మూసినవి. అట్టి వానికి, తాను కుట్టిన చెప్పులను తానే తొడుగుకొని పెద్దల వీధిలో నడువరాదను కట్టుబాటు ఎన్నో యూళ్లలో నుండెను. ఆ చెప్పు తొడుగుకొన్నవారికి గౌరవము, కుట్టినవానికి అగౌరవము. ఇంతకంటె వింతయైన న్యాయ మేది?

పాదుకలను సింహాసనముమీద నుంచి భరతుడు పదునాలుగేండ్లు నందిగ్రామమున రాజ్యము నడపిన కథను మనము భక్తితో చదువుదుము. తిరుపతి అలిపిరిలోని పాదాల మండపమున స్వామి పాదుకలను తలపైనుంచుకొని భక్తులు ప్రదక్షిణము చేయుదురు. దేవుని పాదమునకు చేరినప్పుడు తలపైకెక్కిన వస్తువు, పొరుగువాని చేతిలో నున్నప్పుడు అంటరానిదగుట శాస్త్రమునకును ధర్మమునకును పొసగదు. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము పదునేడవ అధికరణమున అంటరానితనమును రద్దు చేసినది. 2015లో సవరింపబడిన 1989 నాటి చట్టము, షెడ్యూల్డు కులములవారికి చెప్పులదండ వేయుటను నేరముగ ప్రత్యేకించి పేర్కొన్నది. చట్టము చేయిని ఆపగలదు. నాలుకను సరిదిద్దవలసినది ఊరి పెద్దలే. ఒక పనిముట్టు పేరును తిట్టుగ వాడినప్పుడెల్ల, ఆ పనిచేయువానిని కూడ తిట్టినట్లే యని మనము పిల్లలకు చెప్పవలెను.

పెద్దలకు నా విన్నప మొకటి కలదు. కపిలలు పోయి విద్యుత్తు మోటర్లు వచ్చినవి. తోలుచెప్పునకు బదులు రబ్బరుచెప్పు, ప్లాస్టికుచెప్పు వచ్చినవి. వస్తువు పోవునప్పుడు దాని పేరును వెంట తీసికొనిపోవును. ఆరె, వారు, ఉంగటము అను మాటల యర్థము నేటి పిల్లలలో ఎందఱికి తెలియును? తోలు ఊరవేయు తొట్టికి మీ యూర ఏమి పేరు? చెప్పు అట్టలో ఒక్కొక్క పొరకు ఏమి పేరు? తొండము నోటికి కట్టు త్రాటికి ఏమి పేరు? ఇవి నిఘంటువులో వెదకుటకంటె, ఆ పని చేసిన ముసలివారి నోట వినుట మేలు. అట్టివారు ఊరూర ఇంకను కొందఱున్నారు. మీ యూరిలో అట్టి పెద్దాయన యున్నచో ఆయన యింటికి పోయి, అరుగుమీద ఆయన ప్రక్కన కూర్చుండి, "తాతా, దీనిని ఏమందురు?" అని యడుగుడు. ఆయన చెప్పిన మాటను చెప్పినట్లే వ్రాసికొనుడు. మన యుచ్చారణమునకు తగినట్లు దిద్దకుడు. సర్పుమ్ అను గోండుల మాటను ఎవరో యొకరు ఉన్నదున్నట్లు వ్రాసికొనుటచేతనే కదా, మన చెప్పు వయస్సు మనకు తెలిసినది! ఆ తాత నోటి మాట యొకటి రేపు ఇంకొక ముడిని విప్పవచ్చును.

బడిపిల్లలచేత ఈ పని చేయించిన ఇంకను మంచిది. నిప్పు, పప్పు, చెప్పు అను మూడు మాటలు పలకమీద వ్రాసి, వాని ప్రక్కన తమిళ రూపములు వ్రాసిన చాలును. ఎనిమిదేండ్ల పిల్లవాడైనను రేఫము పోయిన చోటును వ్రేలితో చూపగలడు. భాషాశాస్త్రమునకు అది ఓనమాలు. తన యింటి మాటలో ఇంత చరిత్ర దాగియున్నదని తెలిసిన పిల్లవాడు ఆ మాటను చిన్నచూపు చూడడు. దానిని పలుకు మనిషిని చిన్నచూపు చూడడు.